ఆటోలో ఎంతమంది?

మియాపూర్‌లో ఎక్కిన మెట్రోలో నా పక్కనున్న అమ్మాయి ల్యాప్‌టాప్ మీద ఎర్రగీత ఒకటి నిటారుగా పైకి పోతోంది. బడికి పోకుండా పేపర్లు చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి, అదేమిటో అడగకుండా ఉండలేకపోయాను. కరోనాలాంటి రోగం మళ్లీ వస్తే, ఏది ఆపితే ఎంత తగ్గుతుందో లెక్కకట్టడం ఆమె పనట. ఆ గీత రోగం సోకేవాళ్ల లెక్కట.

నాకు పాత మంట రేగింది.

"నానక్‌రామ్‌గూడల షేరింగ్ ఆటో నడిపినోణ్ణి. లాక్‌డౌన్ పెట్టి, ఆటో అమ్ముకునేదాక తెచ్చిన్రు. రోగం నా ఆటోల్నే వచ్చిందా?"

"ఎంతమందిని ఎక్కించేవారండీ?"

"పదిమంది నిండినంకనే కదిలేది."

ఆమె పది కొట్టింది. గీత ఇంకా పైకి పోయింది.

"ఇగ నలుగురని కొట్టు."

గీత సగానికి దిగింది.

"చూసినవా! నలుగురితోని నడుపనిస్తే వాళ్లదేం పోయేది?"

"నిజమే. కానీ అలా నడపనిచ్చినా, మీరు నలుగురితోనే బయల్దేరేవారా, తాతగారూ?"

ఇన్నేళ్లుగా ఎందరితోనో వాదించాను. ఈ మాట ఎవరూ అడగలేదు. పొద్దున ఆఫీసుల వేళ, నిండిన ఆటోకు కూడా చేతులెత్తే జనం కళ్లముందు మెదిలారు. ఆమె మీట మీద వేలుంచి ఎదురుచూస్తోంది.

"ఏడుగురని రాసుకో, బిడ్డా," అన్నాను.