ఎలుక పడ్డ రోజు

కరోనా రోజుల్లో కొల్లాపూర్‌లోని మా ఇంట్లో దూలం మీంచి ఎలుక ఒకటి చచ్చి పడింది. ప్లేగు కథలు వింటూ పెరిగిన అవ్వ, "ఊరు ఇడ్వాలె, నడువుండ్రి" అంటూ అందరినీ చేనుకు తరలించింది.

ఆమె అక్కడ పొయ్యి వెలిగిస్తుంటే, కాలేజీలో జీవశాస్త్రం చెప్పే నేను పాఠం మొదలుపెట్టాను. ప్లేగు క్రిమి ఎలుక ఒంటి మీది చిన్న పురుగు గొంతుకు అడ్డుపడుతుందనీ, ఎంత రక్తం పీల్చినా దాని కడుపు నిండదనీ, ఎలుక చస్తే ఆ పురుగు ఆకలితో మనల్ని కరుస్తుందనీ చెప్పాను.

"గంత ఆకలా! పాపం," అంది అవ్వ.

ఇంతలో పక్కింటాయన పరుగున వచ్చాడు. "అవ్వా, గా ఎలుక నేను పెట్టిన మందు తిని సచ్చింది. ఇంటికి పోండ్రి!"

"అన్నం ఉడుకుతాంది. నువ్వు గూడ కూసో."

ఆయన మాస్కు గడ్డం కిందికి లాగి కూర్చున్నాడు.