జీపుకు కట్టిన ఎర్రదారం

ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఆ దారి పొడుగునా ఉస్మాన్ సాబ్ జీపు ఎక్కని పత్తికూలి లేదంటే అతిశయోక్తి కాదు. కుర్రతనంలో ఆదోని పత్తిమిల్లు లారీకి క్లీనరుగా చేరి, డ్రైవరై, చివరికి ఎవరో రైతు అమ్ముకున్న పాత ఫోర్‌వీల్ జీపును తన సొంతం చేసుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి నీకెందుకయ్యా అంటే నవ్వేవాడు. "మన నల్లరేగడి తడిస్తే కాలికుండే చెప్పునే వదలదు, బండిని వదుల్తాదా?" అనేవాడు.

మనిషి మెత్తన. ముసలివాళ్ళకు ముందు సీటు. బాలింత ఎక్కిందంటే గతుకుల దగ్గర బండిని చంటిబిడ్డలా నడిపించేవాడు. మసీదు ముందు పాట ఆపేవాడు, గుడి ముందు హారను కొట్టేవాడు కాదు. దేవుళ్ళందరితోనూ మర్యాదగా ఉంటే బండికి ఏ రోగమూ రాదని ఆయన నమ్మకం. అంత మర్యాదే బండికి రోగం తెచ్చిపెడుతుందని పాపం ఆయనకేం తెలుసు!

పోయిన వానాకాలం గోనెగండ్ల అవతల పత్తిచేలకు కూలీలను తీసుకుపోయి వస్తుంటే వంక పొంగింది. జీపు నడిమధ్య బురదలో కూరుకుపోయింది. ఉస్మాన్ సాబ్ గేరు కడ్డీ పక్కనుండే చిన్న కడ్డీని లాగి, నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగేట్టు ఫోర్‌వీల్‌లో వేశాడు. పాత బండి కదా, ఇంజను ఊపుకు కడ్డీ జారి జారి వెనక్కి వచ్చేసేది. ముందు సీట్లో కూలీల మేస్త్రి భీమక్క ఉంది. ఆమె "రాఘప్పా! పీరప్పా! మా తల్లీ ఎల్లమ్మా!" అని దొరికిన దేవుణ్ణల్లా పిలుస్తూ, ఒక ఎర్రదారం తీసి ఆ కడ్డీని సీటు ఇనుప చట్రానికి బిగించి కట్టింది. జీపు మూలిగి, ఎగిరి, గట్టెక్కింది. వెనక ఆడవాళ్ళందరూ దండం పెట్టారు. ఉస్మాన్ సాబ్ కళ్ళు తుడుచుకున్నాడు.

పత్తి అయిపోగానే భీమక్క తన గుంపుతో మిరపకోతలకు గుంటూరు పక్కకు పోయింది. దారం మాత్రం ఉండిపోయింది. మొక్కుదారం తనంతట తాను రాలాలే గాని మనిషి విప్పకూడదు కదా. నూలుదైతే ఎప్పుడో చివికి రాలేది. ఇది నైలాను. ఎక్కినవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. ఒకామె కుంకుమ పెట్టింది. ఇంకొకామె మల్లెలు చుట్టింది. శుక్రవారాల్లో ఉస్మాన్ సాబ్ భార్య లాలాబీ ఊదుబత్తి వెలిగించేది. కడ్డీ అట్లా పూజలందుకుంటూ ఫోర్‌వీల్‌లోనే ఉండిపోయింది.

బండికి జబ్బు మొదలైంది. తారురోడ్డు మీద వేగం అందుకుంటే ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగేవి. స్టీరింగు చేతుల్లో గజగజలాడేది. మలుపు తిరిగితే బండి కింద ఎవరో రాళ్ళు తిరగలిలో వేసి విసురుతున్నట్టు మోత.

కొడుకు యాసర్ భయపడ్డాడు. ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నవాడు. ఎప్పుడు ఫోను మోగినా తండ్రి బండి బోల్తా పడిందన్న కబురేనేమోనని ఉలిక్కిపడేవాడు. "అబ్బాజాన్, వచ్చే శుక్రవారం లోపల బాగయితే సరే. ల్యాకుంటే ఆదోనిలో రాజశేఖరన్న పాత ఇనుము అంగడికి ఇచ్చేస్తాం. నాకు బండి కాదు, నువ్వు గావాల" అన్నాడు. ఆ మాటలో ఉన్న ప్రేమకు ఉస్మాన్ సాబ్ తల ఊపాడు. కానీ జీపు పోతే తను పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఆయనకు తోచలేదు.

మొదట గోవిందన్న షెడ్డుకు పోయాడు. గోవిందన్న జాకీ ఎత్తి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపాడు.

"సాబూ, సక్రం ఊగుతాందంటే సక్రానిదే తప్పనుకోగూడదు. ఇంట్లో కోడలు ఏడిస్తే తప్పు కోడలిదేనా?"

"మరి అత్తది యాడుందో సూడప్పా."

చక్రం వెనక ఇరుసు బేరింగులు కాస్త వదులయ్యాయని కొత్తవి వేశాడు. బండిని నడిపి చూశాడు. ఊపు తగ్గలేదు, మోత అసలే తగ్గలేదు. గోవిందన్న చెయ్యి చిన్న కడ్డీ దగ్గరికి పోయింది. ఎర్రదారం కనబడగానే వెనక్కి వచ్చింది. ఆ చేతినే గుండెకు ఆనించి, "పెద్దోళ్ళ మొక్కు" అని గొణిగి దిగిపోయాడు. "ఇంగ నా వల్ల గాదు సాబూ. ఆదోనిలో ఉమేర్‌కు సూపించు" అన్నాడు.

ఉమేర్ చదువుకున్న మెకానిక్. అడుగున దూరి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పోయే షాఫ్టుల జాయింట్లన్నీ తట్టి చూశాడు, గ్రీసు కొట్టాడు. బండి ఎక్కి ఒక మలుపు తిప్పి చెవి పెట్టి విన్నాడు. విన్నవాడి ముఖం వెలిగింది. చూపు కడ్డీ మీద పడింది. మల్లెలు, కుంకుమ. వెలిగిన ముఖం ఆరిపోయింది.

"ఏంది కొడకా, దొరికిందా?"

"ల్యా చాచా. నేను చేయాల్సింది చేసినా. ఇంగ అల్లా దయ."

జబ్బు ఎక్కడుందో తనక్కూడా తెలుసన్న సంగతిని ఉస్మాన్ సాబ్ మనసులోకి రానివ్వలేదు. నలభై ఏళ్ళు స్టీరింగు పట్టినవాడికి ఆ మూలుగు తెలియదా? గట్టి రోడ్డు మీద ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి పీక్కుంటే వచ్చే మోత అది. కానీ ఒకరు ప్రాణభయంతో దేవుడికి కట్టిన దారాన్ని, తన బండి సుఖం కోసం ఎట్లా విప్పుతాడు?

శుక్రవారం వచ్చింది. లాలాబీ బండి పక్కకు రాలేక ఇంట్లోనే ఉండిపోయింది. యాసర్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటినాక రోడ్డు పక్కన మూటలతో ఆడవాళ్ళ గుంపు చెయ్యెత్తింది. ఆఖరి ప్రయాణమని తెలిసి కూడా ఉస్మాన్ సాబ్ కాలు బ్రేకు మీదికే పోయింది.

"ఓ సాబన్నా! సచ్చినావనుకుంటిమే!" భీమక్క. గుంటూరు నుంచి ఆ తెల్లవారే దిగి, ఊరికి పోయే ముందు ఆదోని సంతకు బయల్దేరారట. ఆమెను చూసి యాసర్ వెనక్కి పోయాడు. మూటతో సహా ఆమె ముందు సీట్లో కూలబడింది. బండి కదిలింది, ఊగింది, మూలిగింది.

"ఏంది సాబన్నా, దీనికి సలిజరమా?"

"ఏం సెప్పేది భీమక్కా. ఈ పొద్దు పాత ఇనుముకు వేసొస్తాండా."

భీమక్క నోరు తెరిచింది. మూట సర్దబోతే చెయ్యి కడ్డీకి తగిలింది. వంగి, మల్లెలు పక్కకు తోసి చూసింది.

"ఓరి నీ పాసుగూల! ఇది నా జడదారం గాదా!"

"జడదారమా? మొక్కుదారం గాదూ?"

"యాడి మొక్కు సాబన్నా! కడ్డీ జారుతాందని జడకుండేది ఊడదీసి కడితిని. ఆ పొద్దు ఎంటికలు ఇరబోసుకోని ఇంటికి పోతే మా మొగుడు దయ్యమనుకున్నాడు. కుంకుమ ఎవురు పెట్టిరి దీనికి?"

వెనక ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కుంకుమ పెట్టినామె మాత్రం నవ్వలేదు. భీమక్క పళ్ళతో ముడి విప్పింది. ఉస్మాన్ సాబ్ బండి ఆపి, మనసులో క్షమించమని వేడుకుని కడ్డీ తోశాడు. రాలేదు. ఇన్నాళ్ళలో బిగుసుకుపోయింది. బండిని కొంచెం వెనక్కి నడిపి మళ్ళీ తోశాడు. అడుగున 'టక్' మంది. బండి ముందుకు పోయింది. మోత లేదు. మలుపులో స్టీరింగు నీళ్ళలో తెడ్డులా తిరిగింది. ఊపు ఇంకా కాస్త ఉంది గాని, అది మచ్చలు మచ్చలుగా అరిగిన ముందు టైర్లది. మారిస్తే పోతుంది.

యాసర్ వెంటనే ఉమేర్‌కు ఫోను కొట్టాడు. "భాయ్, ఫోర్‌వీల్‌లో ఉండె!"

"నాకు తెలుసు గదా భాయ్."

"తెలిసి సెప్పలేదేం?"

"పూలు పెట్టిండిరి. వాళ్ళ దేవుని దారం, ముట్టుకుంటే మనసు నొచ్చుకోరా?"

గోవిందన్నకు కొట్టాడు. "మీ పీరప్ప దారమనుకుంటినప్పా" అన్నాడు ఆయన. "మీ ఇంటి మొక్కును నా నోటితో తప్పంటానా?"

ఉస్మాన్ సాబ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోకంలో ఇంత మర్యాద ఉంటే ఎన్ని బండ్లు ఇనుములో కలవాలో! అయినా అటువంటి మనుషుల మధ్య పుట్టించినందుకు పైవాడికి శుక్రియా చెప్పుకున్నాడు.

ఆదోని దగ్గరపడింది. ఈసారి ఫోను రాజశేఖర్‌ది. "యాసరూ, బండి యాడుందప్పా? తూకం కాడ మనుషుల్ని నిలబెట్టుకోని ఉండా."

యాసర్ తండ్రి చేతుల వంక చూశాడు. వాటిలో స్టీరింగు మునుపటిలా గజగజలాడడం లేదు.

"రాజశేఖరన్నా, ఈ పొద్దు కుదరదు" అన్నాడు. "బండిలో మనుషులుండారు."

"దించేసి రాండప్పా!"

ఆ మాట విన్న భీమక్క వెనక్కి తిరిగి ఫోను లాక్కుంది. "ఎవురప్పా నువ్వు, మమ్మల్ని దించమనేది? మేము సంత సేసుకోని మళ్ళా ఇదే బండిలో ఊరికి పోవాల!"