గాలికి కిరాయి

మావయ్యకు ఈ లోకంలో ఒక్కటే శత్రువు: గాలి. పీల్చే గాలితో పేచీ లేదు. పెట్టెల్లో దాక్కునే గాలంటేనే ఒళ్లు మంట. ఇరవయ్యేళ్లుగా పార్సిల్ ఆఫీసులో సరుకు సర్దుతున్నాడు. ఎవరైనా పెట్టె తెచ్చి బల్లమీద పెట్టడమే తడవు, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల గడగడమందా, ఇక అంతే సంగతులు. "గాలికి కూడా కిరాయి కడతారా మీరు?" అంటూ అక్కడికక్కడే విప్పేస్తాడు. అందుకే ఊరందరికీ ఆయన గాలి మావయ్య.

ఇంట్లోనూ అదే వరస. ఒకసారి అత్తయ్య పుట్టింటికి వెళ్లి పెట్టె తెరిస్తే దువ్వెన చెప్పులో, చెప్పు గిన్నెలో, గిన్నె దిండు గలీబులో దొరికాయి. అద్దం మూడో రోజుకు గానీ బయటపడలేదు. బస్సులో ఇద్దరి మధ్య జానెడు సందు కనిపిస్తే చాలు, "కాస్త జరగండి, అక్కడ గాలి టిక్కెట్టు లేకుండా కూర్చుంది" అంటాడు.

ఆ ఆఫీసులో బిల్లులు రాసేది ఆయన మేనకోడలే. ఆమె తలనొప్పంతా కొండమీది ఊరితోనే. అక్కడికి రోడ్డు లేదు. వారానికోసారి రెండు కంచరగాడిదలు వెళ్తాయి. ఒక్కోదాని మీద అటొకటి, ఇటొకటి, మొత్తం నాలుగు పెట్టెలు. కిరాయి బరువుకు కాదు, పెట్టెకు. అదీ దిగువ ఊళ్లకన్నా అయిదింతలు. అందుకని మావయ్య నలుగురి సరుకు ఒకే పెట్టెలో కుక్కి కిరాయి నలుగురికీ పంచేవాడు.

"మా అమ్మాయికి పంపే కుక్కర్లో ఎవరిదో కళ్లజోడు పెడతారేంటండీ?" అని ఒకావిడ తగువుకు దిగింది.

"అది మేస్టారిదమ్మా. మీ కుక్కర్ ఉత్త కడుపుతో కొండెక్కుతోంది. పంచుకుంటే మీకు సగం మిగులుతుంది."

"సగమే! అయితే ఆ మూతలో కూడా ఇంకేమైనా పెట్టండి," అంది ఆవిడ ఠక్కున.

ఇలా సాగుతుండగా ఒకరోజు యజమాని ఊడిపడ్డాడు. "ఇకనుంచి నాలుగు పెట్టెలకూ కిరాయి రావాలి. ఒక్క వారం తగ్గినా కొండదారి మూసేస్తా. గాడిదల్ని మేపడానికి నేనేం సత్రం నడపడం లేదు," అని వెళ్లిపోయాడు.

మేనకోడలి గుండెల్లో రాయి పడింది. ఆ ఊరికి మందులైనా పుస్తకాలైనా చేరేది ఆ గాడిదల మీదే.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతా, ఇక కుక్కడం ఆపు. నువ్వు కుక్కితే మూడు పెట్టెలే అవుతాయి. నాలుగోది లేకపోతే దారే ఉండదు."

"జనంచేత గాలికి కిరాయి కట్టించమంటావా? నా కంఠంలో ప్రాణముండగా జరగదే!"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, కట్టిన సరుకుకు మూడే పెట్టెలు. కానీ విచిత్రం, ప్రతివారం ఆమె భోజనానికి వెళ్లొచ్చేసరికి నాలుగో పెట్టె మూత బిగించి తయారుగా ఉండేది. రసీదు చింపి ఉండేది, కిరాయి గల్లాపెట్టెలో ఉండేది. ఎవరో ఆలస్యంగా వచ్చి ఉంటారులే అనుకుంది. యజమాని మాత్రం "కొండమీద వ్యాపారం పుంజుకుంది!" అని మీసం దువ్వాడు.

అయిదో వారం ఒక కూలీ ఆవిడ పాలపొడి డబ్బా తెచ్చింది. కొండమీది చెల్లెలికి బిడ్డ పుట్టిందట. కిరాయి ఎంతో విని, డబ్బా కొంగులో చుట్టుకుని వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం భోజనం ముగించి వస్తున్న మేనకోడలికి అదే ఆవిడ వెనక గుమ్మంలోంచి ఖాళీ చేతులతో, నవ్వుమొహంతో ఎదురైంది.

మేనకోడలికి అనుమానం పుట్టింది. మావయ్య దొంగచాటుగా సరుకు ఎక్కిస్తున్నాడా? యజమానికి తెలిస్తే దారీ పోతుంది, ఈయన ఉద్యోగమూ పోతుంది. గబగబా రసీదు పుస్తకం తిరగేసింది. అయిదు వారాలూ నాలుగో పెట్టె పంపినవారు మావయ్యే. సరుకు అన్నచోట ఆయన దస్తూరీతో ఒకటే మాట: గాలి.

పెట్టె మూత తీసింది. పాలపొడి డబ్బా, దాని చుట్టూ చంటిపిల్లల బట్టలు, బాగుచేసిన చెప్పుల జతలో దగ్గుమందు సీసా, దాని పక్కన పలకలు. వేలు దూర్చడానికి సందు లేదు.

"గాలికి కిరాయి కట్టావా మావయ్యా? నువ్వా!"

"గట్టిగా అరవకే! నలుగురికీ తెలిస్తే నా పరువేం కాను?"

"ఆవిడ పేరు రాసి, పాలడబ్బా అని పెట్టొచ్చుగా?"

"వాళ్ల పేరు రాస్తే, నాకు రుణపడ్డామని వాళ్లు తల దించుకుంటారు. నా ఖాళీ పెట్టె ఎలాగూ పోతోంది, చోటుంది పెట్టుకోండి అన్నాను. చోటుంటే పెట్టుకోవడానికి ఎవరికే మొహమాటం?"

"మరి డబ్బెక్కడిది?"

"సిగరెట్లు మానేశాను. పొగ కూడా గాలేగా, ఇన్నాళ్లూ డబ్బిచ్చి మరీ పీల్చాను!"

ఆమెకు ఆ మొండి మనిషి మీద ఎక్కడలేని ముద్దూ వచ్చింది.

మరుసటి వారం నాలుగో రసీదు తనే రాసింది. పంపినవారు: మావయ్య, మేనకోడలు. సరుకు: గాలి, చెరి సగం.

మావయ్య అది రెండుసార్లు చదివాడు. పెట్టె ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో మెల్లగా కదిలింది.

"సందు నీ సగంలోనే ఉంది," అంటూ ఆమె భుజం మీది కొత్త ఉన్ని శాలువా లాగి ఆ మూలలో కుక్కేశాడు.

"మావయ్యా, అది నాది!"

"కొండమీద చలి ఎక్కువే అమ్మడూ," అని మూత బిగించాడు.