తాడు మాస్టారు

ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ కోచ్‌ని అందరూ తాడు మాస్టారనే పిలుస్తారు. పొగమంచు ఇంకా గడ్డి మీద పడుకుని ఉండగానే ఆయన భుజాన తాడుచుట్టతో మైదానంలోకి వస్తాడు. నలుగురు డిఫెండర్ల నడుములకీ వరసగా ఆ తాడు కట్టి, కొస తన పిడికిట్లో పట్టుకుంటాడు. కుడికి లాగితే నలుగురూ కుడికి, ఎడమకి లాగితే ఎడమకి. మంచులో వాళ్ల కాళ్లు కనపడవు. నాలుగు బొమ్మలు నీళ్లమీద తేలుతున్నట్టుంటుంది. "మీ మధ్య సందే లేకపోతే గోల్ ఎలా పడుతుందిరా?" అని అరమూసిన కళ్లతో మురిసిపోతాడు. అయినా ఈ సీజనంతా గోల్స్ పడుతూనే ఉన్నాయి. "నెలాఖరుకి ఇది ఆగకపోతే ఇంకో మనిషిని చూసుకుంటాను" అని హెడ్ కోచ్ తేల్చి చెప్పేశాడు.

నిన్నటి మ్యాచ్‌లో అవతలి ఫార్వర్డ్ ఎడమపక్క నుంచి బంతితో దూసుకొచ్చాడు. నలుగురిలో ఒక్కరూ కదల్లేదు. నలుగురి చేతులూ ఒక్కసారే నడుము దగ్గరికి వెళ్లాయి, లేని తాడు కోసం. బంతి వలలో పడింది. స్టేడియం కేకలు మాస్టారికి ఎక్కడో నీళ్లడుగు నుంచి వచ్చినట్టు వినపడ్డాయి. తాడు ఇంటికి తీసుకుపోయి పెరట్లో కట్టేశాడు. "ఇన్నాళ్లకి నాకో బట్టల తాడు తెచ్చారు" అంది భార్య, తడి దుప్పటి ఆరేస్తూ.

ఈ ఉదయం ఆయన వట్టి చేతులతో వచ్చాడు. "తాడేది మాస్టారూ?" అన్నాడు కెప్టెన్. "ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కదలండి." మొదట ఢీకొని పకపకా నవ్వుకున్నారు. తర్వాత మెల్లగా, ఎవరూ లాగకుండానే, నలుగురూ మంచులో ఒక్క అలలా కుడికి జరిగారు. మైదానం అంచు గీత పక్కన ఆయన పిడికిలి మాత్రం బిగుసుకుని ఎడమకి లాగుతోంది.