పత్తి గదిలోంచి పిలుపు

నా చిన్నప్పుడు పత్తి మాతోపాటే ఇంట్లో కాపురముండేది. అవి ఎనభైల నాటి రోజులు. నకరికల్లు వైపు ఊళ్ళల్లో ఏరిన పత్తిని ధర వచ్చేదాకా ముందు గదిలో దూలాలు తగిలేలా పోసేవాళ్ళు. ఆ గదిలో అడుగుపెడితే బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయేవి. మన మాట మన నోటి ముందే పడిపోయేది. నేనూ మా తమ్ముడూ అందులో దాక్కునేవాళ్ళం. వాడు కుప్పలోకి దూరి, ఊపిరాడక, ఇక ఆగలేక "అక్కా" అని పిలిచేవాడు. ఆ పిలుపు ఏదో బావి అడుగు నుంచి వచ్చినట్టు ఉండేది.

ఒక ఏడు వానాకాలంలో వాడు సాగర్ కాలువలో పడి పోయాడు. చలికాలానికి గది మళ్ళీ పత్తితో నిండింది. ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా చేలో ఉండగా, లోపలి నుంచి "అక్కా" అని వినపడింది.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. పోయినవాళ్ళు పిలిస్తే పలకకూడదు. పలికినవాళ్ళను వెంట తీసుకుపోతారు. అందుకని నేను పలకలేదు. వాడు రోజూ పిలిచేవాడు, నేను రోజూ నోరు మూసుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఎవరు పిలిచినా పలకడం మానేశాను. బడిలో టీచరు హాజరు పిలిచినా అంతే. ఎవరి గొంతులో ఎవరున్నారో నాకేం తెలుసు?

నేను ఆ గది వైపు చూసి ఉలిక్కిపడడం కనిపెట్టి, తమ్ముడే పిలుస్తున్నాడని మా నాయనమ్మ హడలిపోయింది. బెల్లంకొండ దగ్గర ఒక మంత్రగాడు పసుపుకొమ్ము కాల్చి నుదుట వాత పెడతాడట. అమావాస్యకు నన్ను అక్కడికి తీసుకుపోవాలని ఖాయం చేశారు. మా అమ్మ కాదనలేక, నా నుదురు తడుముతూ కూర్చునేది.

ఎదురింటి పెదనాన్న మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. గుంటూరులో మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. శనివారం సాయంత్రానికి ఊరొచ్చేవాడు. "ఆయన ఎదురైతే మనసులో కూడా తిట్టుకోమాకరేయ్, ఇనపడతయ్యంట," అని కుర్రాళ్ళు ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవాడు. అరుగు మీద కూర్చుని ఎవరేం చెప్పినా వినేవాడు. పురుగుమందు సంగతైనా, కోడలి మీద చాడీ అయినా మధ్యలో అడ్డుపడేవాడు కాదు. చెప్పేవాళ్ళే చెప్పీ చెప్పీ, చివరికి మనసు తేలికపడి లేచిపోయేవాళ్ళు.

అమావాస్య ముందటి ఆదివారం నాయనమ్మ ఆయన దగ్గరికి పోయింది. "సదువుకున్నోడివి, మంత్రగాడి కాడికి నువ్వైనా తోడు రా అయ్యా," అంది.

"వస్తాలే పెద్దమ్మా. ముందు ఆ గదేందో నన్ను చూడనీ."

ఆ మధ్యాహ్నం నన్ను గడప మీద కూర్చోబెట్టి, తను లోపల కుప్ప ముందు చాప వేసుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అక్కడేమీ లేదని అనలేదు. భయపడొద్దనీ అనలేదు. నా వెనక అమ్మా నాయనమ్మా నిలబడ్డారు. చాలాసేపు గదిలో పత్తి వాసన తప్ప ఏమీ లేదు. తర్వాత వచ్చింది.

"అక్కా."

నేను గడపను రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన తల మెల్లగా ఎడమ మూలకు తిరిగింది. నాకు పిలుపు వినపడిన మూల అదే.

"ఓయ్!" అని పలికాడు.

నాయనమ్మ గుండెలు బాదుకుంది. "ఏందయ్యా నువ్వు చేసిన పని! పిల్లలుగలోడివి, పలికావేందయ్యా!"

"పిలిచేది పసోడు గదా పెద్దమ్మా," అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే. "ఎవురూ పలక్కపోతే ఎంతకాలమని పిలుస్తాడు? ముందు పలికింది నేను. తీసకపోతే నన్నే తీసకపోతాడు. ఏమ్మా, ఇప్పుడు నువ్వు పలుకుతావా?"

"ఓయ్," అన్నాను. ఎన్నాళ్ళకో వచ్చిన గొంతు గరగరలాడింది. "కాలవ కాడ మేం నిన్ను చానా పిలిచాంరా. నువ్వే పలకలా."

నా వెనక అమ్మ కూలబడిపోయింది. వాడు పోయాక మొదటిసారి వాడి పేరు పెట్టి గట్టిగా పిలిచింది.

ఇక వాత మాట ఎవరూ ఎత్తలేదు. పలికినందుకు అమావాస్యకు ఆయనకేమవుతుందోనని అందరి భయమూ ఆయన మీదికి మళ్ళింది. ఆయన సెలవు పెట్టి, అమావాస్యనాడు పొద్దున్నే ఊరందరికీ కనపడేలా అరుగు మీద కూర్చున్నాడు. నాయనమ్మ వాకిలి ఊడ్చిందే ఊడుస్తూ అటే చూస్తోంది.

"ఇంకా ఉండావా అయ్యా?"

"ఉన్నా పెద్దమ్మా. కాఫీ పోస్తే ఇంకాసేపు ఉంటా."

నాయనమ్మ కాఫీ ఇచ్చింది. నేను ఫక్కున నవ్వాను. ఆ ఏడు పత్తి అమ్మి గది ఖాళీ చేసేదాకా పిలుపు మళ్ళీ రాలేదు.

ఆయన రిటైరై ఊళ్ళో స్థిరపడ్డాక ఒకసారి అడిగాను, ఆ రోజు మీకు నిజంగా వినపడిందా అని. "లేదమ్మా. నీ మొహం చూస్తున్నా. నీ కళ్ళు ఏ మూలకు పోతే ఆ మూలకు తిరిగా," అన్నాడు. మనసు కుదుటపడి ఇంటికొచ్చాను. గడప దాటబోతూ ఆగిపోయాను. ఆ రోజంతా నేను చూసింది ఆయన తెల్ల చొక్కా వీపునే. ఆయన ముందున్నది పత్తి. గదిలో అద్దం కూడా లేదు.

మళ్ళీ అడగాలనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విద్యార్థులతో మా వీధి నిండిపోయింది. ఒక్కొక్కళ్ళూ తమను ఆయన ఎలా విన్నాడో చెప్పుకున్నారు. ఆ గది సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

నా ఇంట్లో ఇప్పుడు పత్తి లేదు. అయినా మధ్యాహ్నంపూట చప్పుళ్ళన్నీ ఆగినప్పుడు, ఒక్కోసారి ఎడమవైపు మూలనుంచి "ఏమ్మా" అని మెల్లగా వినపడుతుంది. చేతిలో పని పక్కన పెట్టి అటు తిరుగుతాను.

"ఆఁ, పెదనాన్నా," అని పలుకుతాను.