రాకర్ కవరు మీద పసుపు గీత

నా చిన్నప్పుడు మా ఇంటి ముందర ఒక కారు నిలబడి ఉండేది. ఏనుగంత కారు. హారన్ కొడితే ముదిగుబ్బ గొర్రెలు బెదిరి చేలకడ్డంబడి పరిగెత్తేవి. సరే, అంత కాదులెండి. మేముండేది ధర్మవరంలో, ముదిగుబ్బ దాకా ఏ హారనూ వినబడదు. కారు కూడా మాది కాదు, పట్టుచీరల షావుకారుది. ఆయన ఉండే సందులో పట్టక, దాన్ని నడిపే మా నాయన మా ఇంటి ముందర పెట్టుకునేవాడు.

నేను చెప్పే ఏడు కూడా వాన మొహం చాటేసింది. మా చేలో శనక్కాయ పూతలోనే మాడిపోయింది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే అది కారు పుణ్యమే. సరిగ్గా అప్పుడే ఆ కారుకు నూనె కారే రోగం పట్టుకుంది. ఇంజను నెత్తిన టోపీలాగా ఒక రేకు మూత ఉంటుంది, దాన్నే రాకర్ కవరు అంటారు. దాని అంచు కింద రబ్బరు ప్యాకింగు, పైన బిగించడానికి రెండు నట్లు. ఆ అంచులోంచి నూనె జారి, వేడి ఇంజను మీద మాడి, ఆ కమురు వాసన వెనక సీటులోని చీరల మూటల్లోకి దూరేది. తనకల్లులో ఒక పెళ్ళివారు చీర ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మూటంతా తిప్పి పంపారు. కొత్తచెరువుకు పోవలసిన సరుకు కూడా అలాగే కంపు కొడితే వేరే డ్రైవరును చూసుకుంటానని షావుకారు చెప్పేశాడు.

ప్యాకింగు కొత్తది. కార్ల మేస్త్రి వేసి పట్టుమని పది రోజులు కాలేదు. కొత్తది కారుతోందంటే ఎవరో నట్లు వదులు చేస్తున్నారని నాయన తీర్మానించుకున్నాడు. ఎవరంటే పక్కింటి మామ. ఆయన నడిపే లారీ అమ్ముడుపోయి, పని లేక అరుగు మీద కూర్చుని మా కారునే చూసేవాడు. ఆరడుగుల మనిషి, కత్తి మీసాలు, నిప్పుల్లాంటి కళ్ళు. అబద్ధం. బక్కపలుచని మనిషి, నాకు రోజూ గుప్పెడు బొరుగులు పెట్టేవాడు. నాయన అనుమానం నాకూ అంటుకున్నాక ఆ బొరుగులు కూడా వాసన చూసుకుని తినేవాణ్ణి. నాయన మాత్రం తలుపు గడియ వేసినంత అలవాటుగా, పొద్దుగూకగానే పానా తీసుకుని ఆ నట్లను ఒక పట్టు బిగించి వచ్చేవాడు.

మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, ఎవరినీ నమ్మేది కాదు. కన్నకొడుకునైనా సరే. శుక్రవారం కారుకు బొట్లు పెట్టడం ఆమె పని. ఆ శుక్రవారం పొద్దున బానెట్టు కూడా ఎత్తమంది. కవరును గుడ్డతో శుభ్రంగా తుడిచి, తడిపసుపుతో ఒక్కో నట్టు నెత్తి మీంచి రేకు మీదికి ఒక గీత గీసింది. భక్తి అనుకున్నాం.

మర్నాడు తెల్లవారి నాయన బానెట్టు ఎత్తి నిలబడిపోయాడు. గీతలు తెగి ఉన్నాయి. రేకు మీది ముక్క ఒకచోట, నట్టు మీది ముక్క ఇంకోచోట. దొంగను నేనే కర్ర పట్టుకుని పట్టేశానని మనవలకు చెబుతుంటాను. నిజానికి నాయన గొంతు విని అప్పుడే నిద్ర లేచాను.

“చూసినావా అమ్మా, వాడు చెయ్యి పెట్టినాడు. గీతే సాక్ష్యం” అన్నాడు నాయన, గోడవతల వాళ్ళకు వినబడేలా.

జేజి తాపీగా వచ్చి వంగి చూసింది. “నట్టు మీది గీత ఏ పక్కకు జరిగిండాది?”

“కుడి పక్కకు.”

“కుడికి తిప్పితే వదులవుతాదా, బిగుస్తాదా?”

నాయన గాల్లో వేళ్ళు కుడికి తిప్పి చూసుకున్నాడు.

“నీ పనికి ఎసరు పెట్టేటోడు నట్లు బిగిచ్చి పోతాడారా? నిన్న పొద్దుగూకినప్పుడు పానా ఎవరి చేతిలో ఉన్నింది?”

నాయన గోడ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, “బావా, ఒకసారి ఇట్లా రా. ఈ కవరు ఎత్తాల” అన్నాడు. మామ వచ్చాడు. గోడవతల నుంచి అన్నీ విన్నాడని ఆయన మొహమే చెబుతోంది. అయినా నట్లు విప్పి, రేకును అరచేత్తో అటూ ఇటూ తట్టి, అంచు వంగిపోకుండా, ఎక్కడా స్క్రూడ్రైవరు దూర్చకుండా పైకెత్తాడు. కింద రబ్బరు బయటికి ఉబ్బి, ఒక మూల చీలి ఉంది.

“ఇంత గట్టిగా నొక్కితే ఇది యాడికి పోతాది బావా? బయటికే వస్తాది” అన్నాడు, అంతే. అంచులు తుడిచి, నాయన బజారు నుంచి తెచ్చిన కొత్త రబ్బరును మెలిక పడకుండా కూర్చోబెట్టాడు. నట్లను ముందు వేళ్ళతోనే తిప్పాడు. ఆ తర్వాత పానాతో ఇటు కొంచెం, అటు కొంచెం. ఇంకో పట్టు పట్టమని నాయన చెయ్యి ముందుకొచ్చింది. జేజి చూపుకు వెనక్కి పోయింది.

నాయన క్షమించమని అడగలేదు. ఆ కాలపు మగవాళ్ళకు ఆ మాట నోటికి వచ్చేది కాదు. కొత్తచెరువుకు సరుకు తీసుకుపోయేటప్పుడు మాత్రం మామను పిలిచి ముందు సీటులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చీరలు ఒక్కటీ తిరిగి రాలేదు. నాయన పనీ పోలేదు.

అనుమానం నన్నూ వదల్లేదు, జేజి రక్తం కదా. ఇప్పటికీ కళ్ళజోడు కనబడకపోతే కోడలే దాచిందనిపిస్తుంది. కానీ ముందు నా జేబులు తడుముకుంటాను. అక్కడా లేకపోతే, ఎవరి మీద అనుమానమో వాళ్ళనే వెతికిపెట్టమని సాయం పిలుస్తాను. వాళ్ళు మంచం కింద, బియ్యం డబ్బా వెనక తలదూర్చి వెతుకుతుంటే చూస్తూ ఉంటాను. కాసేపటికి నాకే సిగ్గేసి, నేనూ వంగి వెతకడం మొదలుపెడతాను.