అవతలి కంపెనీ అకౌంటు

మా ఆయనకు ఒక కంపెనీ బ్రౌజరంటే ప్రాణం. మా ఆయన అనే మనిషి ఉన్నాడని కూడా ఆ కంపెనీకి తెలియదు. అయినా దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే సొంత మేనత్తను అన్నట్టు ముఖం ముడుచుకుంటాడు. నాది ఇంకో కంపెనీ. నా ఫోన్లో ఉన్న బ్రౌజరు, అందులో నా అకౌంటు, అన్నీ అవతలి వాళ్లవి. నాకేమీ దాని మీద ప్రేమ లేదు. ఫోను కొన్నప్పుడు అందులో అదే ఉంది, నేను అదే వాడుకున్నాను. మా పెళ్లి కూడా దాదాపు అట్లాగే జరిగింది కాబట్టి నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఇద్దరం టీచర్లమే. ఆయన బడి ఏన్కూరు పక్కన, ఇల్లు ఏన్కూరులో, అత్తయ్యతో. నా బడి దుమ్ముగూడెం దాటి లోపలికి, అడవి అంచున ఒక ఊళ్లో. శనివారం బడి వదలగానే బస్సెక్కితే భద్రాచలం, గోదావరి మీద వంతెన, సారపాకలో కాగితం మిల్లు వాసన, కొత్తగూడెం, ఆఖరికి ఇల్లు. తల స్నానం చేసి, జుట్టు ఆరేలోపు ఆదివారం మధ్యాహ్నం అయ్యేది. మళ్లీ సంచి సర్దుకోవడం. పెళ్లయిన దగ్గర్నుంచీ మా కాపురం బస్సుల టైముల్ని బట్టే నడిచింది. కొట్లాడుకోవాలన్నా రెండో మాట వచ్చే వారానికి దాచుకోవాల్సిందే.

అత్తయ్య వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నారు. ఆమెకు శుభ్రం ఎక్కువ. నాది బొగ్గుబాయి కుటుంబం. నాన్న షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటే వాకిలంతా నల్లగా పారేది. నేను నోరు తెరిచినప్పుడల్లా అత్తయ్య ఓపిగ్గా సరిచేస్తుంది. "వచ్చిండు కాదమ్మాయ్, వచ్చాడు." నేనూ అంతే ఓపిగ్గా "అవ్ అత్తయ్యా" అంటాను. ఆమె మంచిదే. నేను బస్సుకు బయల్దేరే ప్రతి ఆదివారం ఆమెకు నిజంగానే బాధ. ఆ బాధ ఆమె నోట్లోంచి ఒకే మాటగా వచ్చేది.

"ఆ అడవిలో ఏముందమ్మాయ్? ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేయరాదూ. వాడి జీతం చాలదా మీకు?"

ఒళ్లు మండేది. కష్టపడి చదివి తెచ్చుకున్న ఉద్యోగం. మా ఇంట్లో గనిలోకి దిగకుండా జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. అదంతా ఆమెకు చెప్పేలోపు బస్సు వెళ్లిపోతుందని ఊరుకునేదాన్ని.

దసరా సెలవుల్లో బ్రౌజర్ గొడవ మొదలైంది. ఫోన్లో చూసీ చూసీ కళ్లు లాగుతున్నాయని, నా పాస్‌వర్డులు, దాచుకున్న పాఠాల లింకులు మా ఆయన ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుందామనుకున్నాను. సెట్టింగుల్లోకి వెళ్లి సింక్ అన్న చోట నా మెయిలు కొట్టాను. వద్దు పొమ్మంది. వాళ్ల కంపెనీ అకౌంటు ఉంటేనే లోపలికి రానిస్తుందట.

"ఇదేంది సారూ, నా అకౌంటును తీస్కుంటలేదు?" అన్నాను. ఇంట్లో కూడా ఆయన్ని సారు అనే పిలుస్తాను.

"ఎందుకు తీసుకుంటుంది? అది వేరే కంపెనీది కదా."

"లింకులు నావి, పాస్‌వర్డులు నావి. కంపెనీలవి కావు గద."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. అంటే పాఠం మొదలన్నమాట. "చూడు, వాళ్లు డబ్బు పోసి సర్వర్లు పెట్టుకున్నారు. అవతలి వాడి అకౌంటుకు వీళ్లు తలుపు తీశారే అనుకో, రేపు నీ పాస్‌వర్డు ఒకటి పోయిందనుకో, ఎవర్ని పట్టుకుంటావు? వీడు వాడంటాడు, వాడు వీడంటాడు. అందుకని ఎవరి గడప వాళ్లది."

మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. "పెట్రోలు బంకుల ఏ కంపెనీ బండి పోయినా పోస్తరు గద. నీ బండి అమ్మేసి మా బండి కొనుక్కొని రా అంటరా?"

"బంకు వేరు, బ్రౌజరు వేరు. అయినా ఇంత గొడవెందుకు? ఆ అకౌంటు మానేసి నువ్వే మా దాంట్లోకి వచ్చేయరాదూ."

ఆ 'వచ్చేయరాదూ' ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వంటింట్లో అత్తయ్య పోపు వేసింది. మీదీ మీ అమ్మదీ ఒకటే కంపెనీ సారూ అని ల్యాప్‌టాప్ మూసేశాను. ఆయనకు అర్థం కాలేదు. లేదా అర్థమై ఊరుకున్నాడు.

ఇక నా నంబరు సంగతి. మా బడి ఉన్న ఊరికి ఒక్క కంపెనీ సిగ్నలే వస్తుంది. అదీ ఊరంతా రాదు, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా వస్తుంది. అందుకని ఆ ఊళ్లో ప్రతి ఫోనుకూ ఒక స్థానం ఉంటుంది. ఒకరిది చింతకొమ్మకు, ఒకరిది నీళ్ల ట్యాంకు మెట్ల మీద, ఒకరిది గేటు స్తంభానికి. మాది కిటికీ ఊచలకు. నేను కిరాయికి ఉన్న గది ఓనరమ్మ, నేను పెద్దమ్మా అని పిలుస్తాను, నా రెండో ఫోన్ను, చిన్న బటన్ల దాన్ని, గుడ్డసంచిలో వేసి ఆ ఊచలకు కట్టింది. మోగితే అక్కడికే పోయి, చెవి సంచికి ఆనించి మాట్లాడాలి. సెలవులకు వచ్చేటప్పుడు కూడా దాన్ని విప్పం. పెద్దమ్మకు కబుర్లు దానికే వస్తాయి. నేను అక్కడ చేరిన కొత్తలో మోగే ఫోను అదొక్కటే కాబట్టి బ్యాంకుకు, మెయిలుకు, డిపార్ట్‌మెంటుకు ఆ నంబరే ఇచ్చాను. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఏన్కూరుకు వచ్చినప్పుడు మార్చుకుంటారు. నేను తల స్నానం చేసేదాన్ని.

వేసవి సెలవుల్లో బదిలీల ఆర్డరు వచ్చింది. భార్యాభర్తలు చెరో జిల్లాలో ఉంటే ఈసారి జిల్లా దాటి కూడా అడగవచ్చట. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో దేవుడికెరుక. ఏ బళ్లు కావాలో వరసగా పెట్టి ఆన్‌లైన్లో పంపాలి. వరస మీద నేనూ మా ఆయనా ముచ్చటగా కొట్లాడుకుంటూ ఆఖరి రోజు దాకా తెచ్చుకున్నాం. దానికి ముందు రోజే, మా అమ్మ దగ్గరికి పోయి వస్తూ బస్సు దిగుతుంటే నా పెద్ద ఫోను చేతిలోంచి జారి వెనక టైరు కిందికి పోయింది. డ్రైవరు తల బయటకు పెట్టి "చూస్కోవాలె గదమ్మా" అని, దాని మీదుగానే పోనిచ్చాడు.

ఫోను పోయినందుకు ఏడవలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని డిపార్ట్‌మెంటు సైటు తెరిచాక అసలు సంగతి తెలిసింది. పాస్‌వర్డు నాకు తెలియదు. దాన్ని నేను పెట్టలేదు. నా బ్రౌజరే సొంతంగా ఒకటి తయారు చేసి తన దగ్గరే దాచుకుంది. చంటిపిల్ల కీబోర్డు మీద కూర్చుంటే వచ్చేలాంటి పాస్‌వర్డు అది. పోనీ నా బ్రౌజర్ని ల్యాప్‌టాప్‌లోకి దించుదామంటే, ఇంత పాత మిషన్లో నేను ఉండనంది. మా ఆయన ఫోన్లో నా అకౌంటు తెరిస్తే, కొత్త ఫోను కదా, మీ నంబరుకు కోడ్ పంపుతున్నాం అంది. పాస్‌వర్డు మరిచిపోయాను అని సైటులో నొక్కితే అదీ అదే మాట. సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారు.

"ఆ నంబరు ఎవరి దగ్గరుంది?" అన్నాడు మా ఆయన.

"కిటికీకి ఉంది."

"నేను అప్పుడే..." అని మొదలుపెట్టాడు.

"దసరాకు మీ గడప నా అకౌంటును లోపలికి రానిచ్చి ఉంటే ఇయ్యాల నా పాస్‌వర్డు ఈ ల్యాప్‌టాప్‌లనే ఉండేది సారూ" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆయన ఫోన్లోంచి కిటికీకి ఫోన్ చేశాను. కోడ్ కొట్టడానికి చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. చాలాసేపటికి పెద్దమ్మ ఎత్తింది.

"పెద్దమ్మా, నేను టీచర్‌ను. ఆ ఫోనుకు ఇప్పుడో కోడ్ వస్తది. జల్దీ చదివి నాకు చెప్పు."

"ఏం కోడు?"

"ఓటీపీ పెద్దమ్మా."

"చెప్ప," అని పెట్టేసింది.

తప్పు ఆమెది కాదు. ఆ ఊరి ఆడవాళ్లందర్నీ బడి వరండాలో కూర్చోబెట్టి ఫోను మోసాల మీద గంటసేపు దంచింది నేనే. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, కలెక్టర్నంటూ ఫోన్ వచ్చినా చెప్పొద్దు, ఆఖరికి టీచర్నని నేనే చేసినా చెప్పొద్దు అన్నాను. చప్పట్లు కూడా కొట్టించాను. నేను చెప్పిన పాఠాన్ని ఇంత బాగా పట్టుకున్న విద్యార్థి నా సర్వీసులో ఇంకొకరు లేరు.

మళ్లీ చేశాను. "పెద్దమ్మా, నిజంగ నేనే."

"మా టీచరమ్మ నిమ్మళంగ మాట్లాడ్తది. నువ్వు ఒర్రుతున్నవ్."

మా ఆయన నేను మాట్లాడతానన్నట్టు చెయ్యి ఊపి బల్ల మీదికి వంగాడు. "అమ్మా, నేను సార్‌ని మాట్లాడుతున్నానండీ. ఏన్కూరు నుంచి."

"మీ గ్యాంగుల మగోళ్లు గూడ ఉన్నరా?" అంది పెద్దమ్మ. మళ్లీ పెట్టేసింది.

అత్తయ్య వత్తులు చేసుకుంటున్న పత్తి పక్కన పెట్టి వచ్చి మా వెనక నిలబడింది. మూడోసారి మోగించాను. ఈసారి పెద్దమ్మే ముందు మాట్లాడింది.

"నువ్వు మా టీచరమ్మవే అయితే ఒకటి చెప్పు. మొన్న వానకాలం మా మేక యాడ ఈనింది?"

నేను వెనక్కి తిరిగి అత్తయ్య వైపు చూశాను. జవాబు తెలియక కాదు. నాకు పెంకుల గది ఉందని, గచ్చు అద్దంలా ఉంటుందని, బయటి చెప్పులు కూడా లోపలికి రావని అత్తయ్యకు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. ఆమె నా భుజం పక్కనే ఉంది. స్పీకరు ఆన్లో ఉంది. గడియారం నడుస్తోంది.

"నా మంచం కింద," అన్నాను.

"ఎన్ని పిల్లలు?"

"రెండు. ఒకదాన్ని చలికి నా దుప్పట్ల చుట్టిన."

"నువ్వే బిడ్డా," అంది పెద్దమ్మ, గొంతు మారిపోయి. "ముందే చెప్పొద్దా?"

అక్కడితో అయిపోలేదు. కోడ్ పంపమని నొక్కాం. వచ్చిందో లేదో కనుక్కుందామని చేస్తే ఫోను అందుబాటులో లేదంది. అంకెలు సరిగ్గా కనబడక పెద్దమ్మ ఫోన్ను సంచిలోంచి తీసి వెలుతుర్లోకి తీసుకుపోయింది. ఊచల దగ్గర్నుంచి కదిలితే సిగ్నల్ పోతుందని ఊళ్లో అందరికీ చెప్పే మనిషే, కంగారులో మరిచిపోయింది. ఆమె మళ్లీ కట్టేసరికి ఆ కోడ్ గడువు దాటింది. రెండోసారి పంపించాం. ఈసారి ఆమె స్టూలు ఎక్కి, సంచిలో తల పెట్టి, అంకెలు నోటికి పట్టి, నేను ఫోన్ చేయగానే గడగడా అప్పజెప్పింది. సైటు గుండ్రంగా తిరిగి తిరిగి, మనసు మార్చుకుని, నన్ను లోపలికి రానిచ్చింది. ఆప్షన్లు పంపి సబ్మిట్ నొక్కి వెనక్కి వాలితే, నా వీపు కుర్చీకి ఆనలేదు, అత్తయ్య చేతికి ఆనింది. ఆ చెయ్యి అక్కడ ఎప్పట్నుంచి ఉందో నాకు తెలియదు.

"ఆ మంచం మాత్రం ఇక్కడికి తేకమ్మాయ్," అంది అత్తయ్య. ఉద్యోగం మానేయమన్న మాట ఆ తర్వాత ఆమె నోట రాలేదు.

నాకు బదిలీ వచ్చింది. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరే దూరంలో బడి. గది ఖాళీ చేసిన రోజు పెద్దమ్మ గుడ్డసంచి విప్పబోతే ఆపాను. ఉండనీ, నేను ఏన్కూర్ల కొత్త ఫోను కొనుక్కుంట అన్నాను. మేం ఇద్దరం అంతకన్నా ఎక్కువేమీ మాట్లాడుకోలేదు. ఆమె బస్సు దాకా నా మూట మోసి, బస్సు కదలకముందే వెనుదిరిగి పోయింది.

ఇంటికొచ్చాక కొత్త ఫోను కొన్నాను. పాత కంపెనీదే. దానిలో ఏది తెరిచినా కోడ్ కిటికీకి పోయేది. పెద్దమ్మకు ఫోన్ చేయడం, ఆమె ఏదో ఒక ప్రశ్న వేయడం, నేను జవాబు చెప్పడం, ఆమె స్టూలు ఎక్కడం. కొన్నాళ్లు చూసి ఒక రోజు ఆయన నన్ను ల్యాప్‌టాప్ ముందుకు పిలిచాడు.

"ఇంక ఆ నంబరు మార్చెయ్యి. అయిదు నిమిషాల పని. ప్రతిదానికీ ఆవిడకు ఫోన్ చేయడమేంటి? పైగా క్షేమం కూడా కాదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బడి వరండాలో నేనైనా అదే చెబుతాను. అయినా నాకు కోపం వచ్చింది, కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

"మార్చ సారూ. నంబరు మారిస్తే ఆమెకు ఫోన్ చెయ్యడానికి నాకు పనుండదు. ఊకెనే చేసి ఏం మాట్లాడాల్నో నాకు తెల్వదు, ఆమెకూ తెల్వదు. ఓటీపీ ఉంటెనే మా ఇద్దరికీ మాటలొస్తయి."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఎవరి గడప వాళ్లది అన్న పాఠం మళ్లీ వస్తుందని కాచుకుని కూర్చున్నాను. ఆయన కరెంటు బిల్లు కట్టడానికి తెరిచి పెట్టుకున్న తన బ్యాంకు పేజీ మూసేశాడు.

"ఈ నెల నుంచి బిల్లు నీ అకౌంటులోంచే కడదాం," అన్నాడు. "నా దాంట్లోంచి కడితే కోడ్ ఇక్కడికే వచ్చేస్తుంది."